దూరాన ఉన్న ఇంటి కెమెరా: సొంత వీపీఎన్ ఏ తలుపు మూస్తుంది, ఏ తలుపు మూయదు?

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళలను పరీక్షించే గదిలోని సీసీ కెమెరా దృశ్యాలు యూట్యూబ్‌కూ టెలిగ్రామ్‌కూ చేరి అమ్మకపు సరుకయ్యాయి. పాస్‌వర్డ్‌లను ఒకదాని తర్వాత ఒకటి యంత్రంతో ప్రయత్నించి చూసే పద్ధతిలో నేరగాళ్లు లోపలికి చొరబడ్డారని దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆ గదిలోకి తొంగిచూడడానికి వాళ్లు రాజ్‌కోట్‌లో అడుగు పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

మన దగ్గర సీసీ కెమెరా లేని వీధి ఇప్పుడు అరుదు. వందమంది, అంతకు మించి జనం చేరే చోట్ల కెమెరాలు ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లోనే ప్రజా భద్రత చట్టం చేసింది. హైదరాబాద్ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీలను కదిలించారు. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, తల్లిదండ్రులు ఊళ్లో ఉన్న ఇళ్లలో కెమెరా మరో అవసరం తీరుస్తోంది. అమ్మానాన్నలు లేచారా, గేటు వేసి ఉందా అని రోజూ ఒకసారి చూసుకుంటే పిల్లలకు మనసు కుదుటపడుతుంది.

ఈ కెమెరాల భద్రత మాట వచ్చినప్పుడల్లా “వీపీఎన్ పెట్టించుకుంటే సరి” అన్న సలహా వినిపిస్తుంది. వీపీఎన్ అంటే రెండు చోట్ల మధ్య నెట్‌లో వేసుకునే రహస్య సొరంగం లాంటిది. సలహా మంచిదే. అయితే అది సగం మాట. వీపీఎన్ దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో తెలియాలంటే ముందు ఇంటి నెట్ కనెక్షన్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

లోపలి చిరునామా, బయటి చిరునామా

తెనాలిలో ఒక ఇల్లు అనుకుందాం. నాలుగు కెమెరాలు, వాటి దృశ్యాలను దాచే ఎన్‌వీఆర్ పెట్టె, ఒక రూటర్ ఉన్నాయి. కూతురు డాలస్‌లో ఉంటుంది, కొడుకు హైదరాబాద్‌లో.

ఇంటిలోని ప్రతి పరికరానికి రూటర్ ఒక నంబరు ఇస్తుంది. ఎన్‌వీఆర్‌కు 192.168.1.20 వచ్చిందనుకోండి. ఇది అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబరు లాంటిది. ‘203’ అని మాత్రమే రాసి ఉత్తరం వేస్తే అది ఎక్కడికీ చేరదు, ఎందుకంటే 203 ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది. బయటి ప్రపంచానికి కనిపించేది నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చిన మరో చిరునామా. ఇంట్లోని పరికరాలన్నీ దాని వెనకే ఉంటాయి.

రూటర్ స్వభావం ఒకటి ఇక్కడ ముఖ్యం. లోపలి నుంచి ఎవరైనా బయటికి వెళ్తే పంపిస్తుంది, వాళ్లకు వచ్చిన జవాబును లోపలికి రానిస్తుంది. లోపలివాళ్లు పిలవకుండా బయటి నుంచి వచ్చిన పలకరింపును మాత్రం గుమ్మంలోనే వదిలేస్తుంది. డాలస్‌లోని కూతురి ఫోను ఆ పిలవని అతిథి. ఆమెను లోపలికి రప్పించడానికి మూడు దారులున్నాయి. ఏ దారిలో వెళ్లినా ఎవరో ఒకరిని నమ్మక తప్పదు. ఎవరిని నమ్ముతున్నామన్న దగ్గరే మూడింటికీ తేడా.

మొదటి దారి: రూటర్‌లో కిటికీ తెరవడం

దీన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. ‘ఫలానా నంబరు పోర్టుకు (అంటే కిటికీకి) ఎవరు వచ్చినా నేరుగా ఎన్‌వీఆర్ దగ్గరికి పంపు’ అని రూటర్‌కు చెప్పడం. చాలా ఏళ్లపాటు కెమెరాలు బిగించేవాళ్లు చేసింది ఇదే. కొన్ని పరికరాలు యూపీఎన్‌పీ అనే సదుపాయంతో ఇంటివాళ్లకు తెలియకుండా తామే ఆ కిటికీ తెరుచుకుంటాయి.

“నా ఇంటి చిరునామా ఎవరికి తెలుస్తుంది?” అని చాలామంది అడుగుతారు. ప్రత్యేకంగా ఎవరికీ తెలియనక్కర్లేదు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. ఒక మంచి కనెక్షన్ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌తో వాటన్నిటి తలుపూ 45 నిమిషాల లోపే తట్టి చూడవచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లోనే జెడ్‌మ్యాప్ అనే సాధనంతో నిరూపించారు. ఇలా దొరికిన పరికరాలను జాబితాలుగా చూపే షోడాన్ 2009 నుంచీ ఉంది. అంటే తెనాలి ఇంటిని ఎవరూ వెతుక్కుంటూ రారు. ప్రతి ఇంటి తలుపూ తడుతూ పోతుంటారు, అందులో తెనాలి ఇల్లూ ఒకటి.

2016లో వచ్చిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ చేసింది సరిగ్గా ఇదే. కంపెనీలు పెట్టి పంపే ‘అడ్మిన్’ తరహా పాస్‌వర్డ్‌ల జతలు 60 చిల్లర మాత్రమే దాని దగ్గర ఉన్నాయి. వాటితోనే లక్షల కెమెరాలను, దృశ్యాలు దాచే డీవీఆర్ పెట్టెలను, రూటర్లను లొంగదీసుకుంది. ఆ సైన్యంతో 2016 అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చి చెప్పే డిన్ అనే సంస్థ మీద జరిగిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి.

గట్టి పాస్‌వర్డ్ పెడితే చాలదా? పెట్టాల్సిందే, కానీ అదొక్కటే చాలదు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాలు ఎన్నింటిలోనో ఒక లోపం బయటపడింది. దాని సాయంతో పాస్‌వర్డ్ అనేదే లేకుండా కెమెరాను పూర్తిగా చేజిక్కించుకోవచ్చు. కంపెనీ సవరణ విడుదల చేసింది. గోడకు బిగించిన కెమెరాలో సాఫ్ట్‌వేర్ మార్చాలని మాత్రం ఎంతమందికి తడుతుంది? ఈ దారిలో మనం నమ్ముతున్నది కెమెరా సాఫ్ట్‌వేర్‌ను. దాన్ని రాసింది బొమ్మ బాగా రావడానికి. వీధి మొత్తం తట్టే తలుపుగా నిలబడడం దాని పని కాదు.

రెండో దారి: కంపెనీ మధ్యవర్తిత్వం

ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఇది. కెమెరా మీద ఉన్న క్యూఆర్ గుర్తును ఫోన్‌లో స్కాన్ చేస్తారు, నిమిషంలో బొమ్మ వస్తుంది. కెమెరా తనంతట తాను బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌కు “నేనిక్కడ ఉన్నాను” అని చెప్పి ఉంచుతుంది. ఫోను కూడా అక్కడికే వెళ్తుంది. సర్వర్ ఇద్దరినీ కలుపుతుంది. రూటర్‌లో కిటికీ తెరిచే పనే లేదు.

ఈ పద్ధతిని తీసిపారేయడం న్యాయం కాదు. డెబ్బై ఏళ్ల తండ్రి ఎవరి సాయమూ లేకుండా పెట్టుకోగలడు. కొత్త సాఫ్ట్‌వేర్ చాలావాటికి దానంతటదే వస్తుంది. ఇంట్లో దొంగ పడి ఎన్‌వీఆర్‌నే ఎత్తుకుపోయినా, దృశ్యాలు క్లౌడ్‌లో, అంటే కంపెనీ సర్వర్లలో, ఉంటే మిగులుతాయి. ఆపిల్ హోమ్‌కిట్ వంటి కొన్ని ఏర్పాట్లలో వీడియోను కంపెనీ కూడా విప్పి చూడలేని విధంగా రహస్య లిపిలో దాస్తారు.

కాకపోతే ఇక్కడ నమ్మకమంతా ఒకే చోట పోగుపడుతుంది. 2021 మార్చిలో వెర్కాడా అనే క్లౌడ్ కెమెరా కంపెనీలో ఉన్నతాధికార ఖాతా ఒకటి చేతికి చిక్కడంతో సుమారు 1,50,000 కెమెరాలు తమకు అందుబాటులోకి వచ్చాయని హ్యాకర్లు ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో మాండియంట్ అనే సైబర్ భద్రత సంస్థ పరిశోధకులు త్రూటెక్ సంస్థ తయారుచేసిన కలే అనే మధ్యవర్తి వ్యవస్థలో లోపం చూపించారు. ఎన్నో బ్రాండ్ల కెమెరాలు లోపల వాడుతున్నది అదే, అప్పటికి అలాంటి పరికరాలు 8.3 కోట్లకు పైగా ఉన్నాయి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఉద్యోగులు కస్టమర్ల ఇంటి వీడియోలు చూశారన్న అభియోగం మీద ఇంటి కెమెరాల కంపెనీ రింగ్‌తో 58 లక్షల డాలర్ల రాజీ కుదుర్చుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ సర్వర్లు ఆగి మళ్లీ మొదలైనప్పుడు సుమారు 13,000 మందికి పరాయి ఇళ్ల కెమెరా చిత్రాలు కనిపించాయి. ఎవరి పాస్‌వర్డో బలహీనమై అది జరగలేదు.

మూడో దారి: సొంత సొరంగం

వీపీఎన్ అన్న మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉండడమే గందరగోళానికి మూలం. ప్రకటనల్లో కనిపించేది నెలకు ఇంత కట్టి తీసుకునే సేవ. మీ నెట్ రాకపోకలను వేరే దేశంలోని వాళ్ల సర్వర్ గుండా పంపి, మీరెక్కడున్నారో దాస్తుంది. అది తెనాలి కెమెరాకు దాదాపు ఏ విధంగానూ పనికిరాదు. ఇక్కడ చెబుతున్నది దానికి తిరగేసినది. మీ ఇంట్లోనే ఒక చిన్న సర్వర్ ఉంటుంది. బయటున్న ఫోను దానిదాకా రహస్య లిపిలో నడిచే ఒక సొరంగం వేసుకుంటుంది. సొరంగంలోంచి బయటపడ్డాక ఫోను ఇంటి హాల్లో ఉన్నట్టే. 192.168.1.20 అని కొడితే ఎన్‌వీఆర్ పలుకుతుంది.

“ఇందులోనూ రూటర్‌లో ఒక పోర్ట్ తెరవాలిగా, మొదటి దారికీ దీనికీ తేడా ఏముంది?” అన్నది సరైన ప్రశ్న. వైర్‌గార్డ్ ఉదాహరణతో చూద్దాం. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ వీపీఎన్ 2020 మార్చిలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ 5.6లో భాగమైంది. అసలు కోడ్ సుమారు 4,000 వరుసలే కాబట్టి నిపుణులు కూర్చుని మొత్తం చదివి తప్పులు వెతకగలరు. ఇందులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండవు. ప్రతి పరికరానికీ ఒక తాళంచెవుల జత ఉంటుంది. ఒకటి రహస్యం, అది ఆ పరికరాన్ని దాటి బయటికి రాదు. రెండోది అవతలివాళ్లకు ఇచ్చేది. ఇంటి సర్వర్ దగ్గర కూతురి ఫోనుది, కొడుకు ఫోనుది అలా ఇచ్చిన తాళంచెవులు మాత్రమే నమోదై ఉంటాయి.

సరైన తాళంచెవి లేనివాళ్లు తలుపు తడితే వైర్‌గార్డ్ “తప్పు” అని కూడా అనదు. లోపల మనిషి ఉన్న అలికిడే ఉండదు. ఇంటర్నెట్ మొత్తాన్ని 45 నిమిషాల్లో తట్టుకుంటూ పోయేవాడికి అక్కడ తలుపు ఉందో, ఉత్త గోడో తెలియదు. ప్రయత్నించడానికి పాస్‌వర్డే లేదు గనుక రాజ్‌కోట్‌లో వాడిన పద్ధతికి ఇక్కడ చోటు లేదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఈ మౌనమే.

2001 నుంచీ ఉన్న ఓపెన్ వీపీఎన్ కూడా నమ్మదగినదే. కోడ్ పెద్దది, వేగం సాధారణంగా తక్కువ. మామూలు వెబ్‌సైట్ల రాకపోకలు సాగే 443 పోర్టు మీదా నడవగలదు కాబట్టి, ఇతర పోర్టులను మూసేసే హోటళ్లు, ఆఫీసుల వైఫైలో అదే అక్కరకొస్తుంది.

ఒక రోజు లెక్క

తెనాలి ఇంట్లో రాస్‌ప్బెరీ పై అనే అరచేతి పరిమాణపు కంప్యూటర్ మీద వైర్‌గార్డ్ నడుస్తోందనుకుందాం. కొన్ని రూటర్లలో ఈ సదుపాయం ముందే ఉంటుంది. నెట్ కంపెనీలు ఉచితంగా ఇచ్చే పెట్టెల్లో తరచుగా ఉండదు.

పూర్తి నాణ్యతతో ఒక కెమెరా వీడియో సెకనుకు సుమారు 4 మెగాబిట్లు అనుకుంటే నిమిషానికి 30 ఎంబీ, గంటకు 1.8 జీబీ. సొరంగం ప్రతి డేటా పొట్లానికీ తన కాగితం చుడుతుంది, దానికి మరో నాలుగు శాతం. హైదరాబాద్‌లో కొడుకు ఫోన్‌కు రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉంటే, ఒక్క కెమెరాను 50 నిమిషాలు చూసేసరికి అది ఖాళీ. అందుకే చాలా కెమెరాలు చిన్న నాణ్యతతో రెండో ప్రవాహాన్నీ ఇస్తాయి. అది సెకనుకు అర మెగాబిట్ అయితే గంటకు సుమారు 230 ఎంబీయే. నాలుగు కెమెరాలు పక్కపక్కన పెట్టి చూసినా తెనాలి నుంచి బయటికి పోయేది 2 మెగాబిట్లు. ఏ ఫైబర్ కనెక్షన్‌కైనా అది లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి చాలామందిని రోజుల తరబడి తిప్పలు పెడుతుంది. డాలస్ ఇంటి రూటర్ కూడా 192.168.1 వరసే వాడుతోందనుకోండి. కూతురు సొరంగం తెరిచి 192.168.1.20 అని కొడితే, ఫోను ఆ నంబరును డాలస్ ఇంట్లోనే వెతుకుతుంది. సొరంగం బాగానే ఉంటుంది, బొమ్మ రాదు. రెండు అపార్ట్‌మెంట్లలోనూ 203 ఉన్నప్పుడు వచ్చే చిక్కే ఇది. తెనాలి వరసను 192.168.57గా మారిస్తే విడిపోతుంది.

పోర్ట్ తెరిచినా ఎవరూ రాలేని ఇళ్లు

సొంత వీపీఎన్ ప్రయత్నాలు మన దేశంలో ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఆ 429 కోట్ల చిరునామాల మూలనిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. దాంతో నెట్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. దీని పేరు సీజీ-న్యాట్. మీ రూటర్‌కు పైన ఇంకో పెద్ద రూటర్ కంపెనీ దగ్గర ఉంటుంది. మీరు మీ గుమ్మంలో తలుపు తెరిచినా, కాలనీ గేటు తాళం మీ చేతిలో ఉండదు. రూటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీది అలాంటి ఇల్లే. ఆ వరసను 2012లో ఈ పని కోసమే కేటాయించారు.

బయటపడే మార్గాలు ఒక్కో దానికీ ఒక్కో ఖరీదు. నెట్ కంపెనీకి అదనంగా కట్టి సొంత స్థిర చిరునామా తీసుకోవచ్చు. కొత్త పద్ధతి చిరునామా అయిన ఐపీవీ6లో కొరత అనే సమస్యే లేదు. అయితే చూసేవాళ్ల నెట్‌లోనూ ఐపీవీ6 ఉండాలి. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో విరివిగా ఉంది, హోటల్ వైఫైలో ఉంటుందన్న భరోసా లేదు.

మూడోది, బయట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవడం. తెనాలి ఇల్లు, డాలస్ ఫోను రెండూ దానిదాకా సొరంగం వేసి అక్కడ కలుస్తాయి. మామూలుగా పెట్టే ఈ ఏర్పాటులో చాలామంది గమనించని ఒక విషయముంది. తెనాలి సొరంగం అద్దె సర్వర్ దగ్గర ముగుస్తుంది, డాలస్ సొరంగం అక్కడ మొదలవుతుంది. ఆ నడుమ వీడియో రహస్య లిపి విప్పుకునే ఉంటుంది. ఆ సర్వర్‌ను ఎవరైనా చేజిక్కించుకుంటే, వాళ్లు మన ఇంటి నెట్‌లో ఉన్నట్టే.

నాలుగోది టెయిల్‌స్కేల్ వంటి సేవలు. ఇవి లోపల వైర్‌గార్డ్‌నే వాడుతాయి. రెండు పరికరాలనూ ఒకేసారి బయటికి చూసేలా చేసి సీజీ-న్యాట్ వెనక నుంచే కలపడానికి ప్రయత్నిస్తాయి. కుదరకపోతే తమ సర్వర్ల గుండా పంపుతాయి, అప్పుడు కూడా లిపి విప్పే తాళంచెవి మన పరికరాల దగ్గరే ఉంటుంది. మరి రెండో దారిలోని కెమెరా కంపెనీకీ దీనికీ తేడా లేదా? సొంత సర్వర్ పక్షపాతులు లేదనే అంటారు. ఎవరెవరి తాళంచెవులు చెల్లుతాయో పరికరాలకు చెప్పేది ఆ కంపెనీయే, అది మోసపోతే మన జాబితాలో పరాయి పరికరం చేరవచ్చు. ఈ అభ్యంతరంలో పస ఉంది. దానికి జవాబుగా, కొత్త పరికరాన్ని మన పాత పరికరమే ఆమోదించాలనే ఏర్పాటును టెయిల్‌స్కేల్ తెచ్చింది. జాబితా సర్వర్‌నే సొంతంగా నడుపుకునేవాళ్లకు హెడ్‌స్కేల్ ఉంది. నా అంచనాలో సీజీ-న్యాట్ వెనక ఉన్న మామూలు ఇంటికి ఇదే ఆచరణలో నిలిచే దారి. ఇక్కడ కంపెనీ చేతిలో ఉన్నది పరికరాల జాబితా. వీడియో దాని చేతిలో పడదు.

సొరంగం కాపలా కాయనిది

లోపలికి వచ్చే దారికి వీపీఎన్ తాళం వేస్తుంది. కెమెరా బయటికి వెళ్లే దారి దాని పరిధిలో లేదు. రెండో దారిలో చూశాం, కెమెరా తనంతట తాను కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. వీపీఎన్ పెట్టాక కూడా ఆ పని మానదు. అంటే చక్కని సొరంగం వేసుకుని, పాత యాప్‌ను కూడా ఫోన్‌లో ఉంచుకున్న ఇంటికి ఇప్పుడు రెండు దారులున్నాయి. పాతది మూతపడలేదు. పని పూర్తి కావాలంటే కెమెరాను కంపెనీ సర్వర్ ద్వారా ఫోన్‌తో కలిపే పీ2పీ సదుపాయాన్ని ఆపడం, కెమెరాలు బయటికి పోకుండా రూటర్‌లో నిషేధించడం కూడా కావాలి. ఇంట్లోని టీవీ, స్మార్ట్ బల్బు కూడా అదే నెట్‌లో ఉంటే వాటి గుండా కెమెరా దాకా రావచ్చన్న వాదన మీద కెమెరాలకు విడిగా ఒక నెట్‌వర్క్ కేటాయించేవాళ్లూ ఉన్నారు.

ఇలా కట్టడి చేస్తే పోయేవీ ఉన్నాయి. కంపెనీ యాప్ పంపే “గేటు దగ్గర మనిషి కదలిక” హెచ్చరికలు ఆగిపోతాయి. ఒంటరిగా ఉండే తల్లి కోసం కెమెరా పెట్టిన ఇంట్లో ఆ హెచ్చరికే ప్రాణం. అలాంటివాళ్లు క్లౌడ్‌నే ఎంచుకుని, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, కెమెరాను పడకగదిలో కాక గుమ్మం బయటే ఉంచితే దాన్ని అజ్ఞానం అనలేం. కరెంటు సంగతి సరేసరి. రూటర్‌కూ ఆ చిన్న కంప్యూటర్‌కూ ఇన్వర్టర్ కనెక్షన్ లేకపోతే వీధిలో కరెంటు పోయిన క్షణమే సొరంగమూ పోతుంది, చూడాలనిపించేదీ సరిగ్గా ఆ సమయంలోనే.

చట్టం ఏమంటుంది

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ సంస్థలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలన్నాయి. నార్డ్‌వీపీఎన్, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ అప్పుడే భారత్‌లోని సర్వర్లు తీసేశాయి. ‘దేశంలో వీపీఎన్ నిషేధించారు’ అన్న అపోహ అప్పటిదే. ఆ నిబంధన ప్రజలకు సేవ అమ్మేవాళ్లకు సంబంధించింది. తన ఇంటికి తానే వేసుకున్న సొరంగం ఆ కోవలోకి రాదు.

జగిత్యాలలోని ఇంటిని దుబాయ్ నుంచి చూసుకునే మనిషి విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. యూఏఈ 2021 సైబర్ నేరాల చట్టం, నేరం చేయడానికో దాచడానికో ఐపీ చిరునామాను మరుగుపరిస్తే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా, లేదా వీటిలో ఒకటి అంటుంది. శిక్ష ఆ ఉద్దేశానికి, సొంత ఇంటి గేటు చూసుకోవడానికి కాదు. అయితే అక్కడి నెట్‌వర్క్‌లు కొన్ని రకాల వీపీఎన్ రాకపోకలను అడ్డగించవచ్చు కాబట్టి, తెనాలి–డాలస్ మధ్య సాఫీగా నడిచేది జగిత్యాల–దుబాయ్ మధ్య నడవకపోవచ్చు.

ఇక కెమెరా సంగతి. 2025 ఏప్రిల్ 9 నుంచి భారత్‌లో అమ్మకానికి వచ్చే సీసీ కెమెరాలు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో భద్రత పరీక్ష నెగ్గాలి. అంతకుముందే గోడకెక్కినవాటిలో చాలావాటికి ఆ పరీక్ష జరగలేదు. సొంత సొరంగం అవసరం ఎక్కువున్నది వాటికే.

అలాంటి పాత కెమెరాను నెట్ నుంచి పూర్తిగా కట్టేసేవాళ్లు ఒక చిన్న విషయం మరిచిపోతుంటారు. కెమెరా తన గడియారాన్ని సాధారణంగా దిద్దుకునేది కూడా ఇంటర్నెట్‌లోని సమయ సర్వర్‌ను అడిగే. ఆ దారి మూస్తే రోజుకు కొన్ని సెకన్ల చొప్పున సమయం జారిపోతూ, కొన్ని నెలలకు దృశ్యం మీద కనిపించే గంట నిజమైన గంటతో కలవదు. దొంగతనం జరిగిన రాత్రి పోలీసులు మొదట అడిగేది ఆ గంటనే. ఇంట్లో ఉన్న ఆ రాస్‌ప్బెరీ పై పెట్టె సమయాన్ని కూడా అందించగలదు. కెమెరా సెట్టింగ్‌లలో సమయ సర్వర్ దగ్గర దాని లోపలి చిరునామా ఉంటే సరిపోతుంది.